గుడి బయట మా ఆయన

ముప్పై ఏళ్ళ కాపురంలో లేని నిష్ఠ మా ఆయనకి పోయిన జులైలో పట్టుకుంది. అంతకుముందు ఏకాదశికీ అమావాస్యకీ తేడా తెలియని మనిషి. వినాయక చవితి నాడు కూడా డ్యూటీకి వెళ్ళి, క్యాంటీన్‌లో కోడి బిర్యానీ తినేసి వచ్చి, "ఇవాళ పండగా? పొద్దున్నే చెప్పొద్దూ?" అని నన్నే దబాయించేవారు. అలాంటి రామకృష్ణారావు గారు వాళ్ళమ్మ పోయాక ఏటి సూతకం పట్టారు. ఏడాది తిరిగేదాకా గుడి గడప తొక్కకూడదు, కొండెక్కి దేవుణ్ణి చూడకూడదు, పండగా పబ్బం పనికిరాదు. రాజమండ్రి పురోహితుడు వీడియో కాల్‌లో చెబుతూంటే, ప్లాంటులో సేఫ్టీ రూల్స్ రాసుకున్నట్టు నంబర్లు వేసి మరీ డైరీలో రాసుకున్నారు. ఆయనతో పాటు నాకూ అవే రూల్స్.

దోహాలో ఇదేమంత కష్టం కాదు. వెళ్దామన్నా ఇక్కడ గుడి లేదు. కొండ అంటారా, ఈ దేశంలో మేమెక్కే ఎత్తు ఫ్లైఓవరే. నెలనెలా మాసికం మాత్రం మా ఉమ్ ఘువైలినా ఫ్లాట్లోనే జరిగేది. వాళ్ళమ్మ పేరున భోక్తగా కూర్చుని భోంచేసే మనిషి దొరకడు కాబట్టి బియ్యం, పప్పు, అరటికాయలు, నెయ్యి పళ్ళెంలో పెట్టి మా బిల్డింగ్ కాపలా కాసే నేపాలీ అతనికి ఇచ్చేవారు. అతను "మాతాజీ కే నామ్ సే" అంటూ రెండు చేతులా అందుకునేవాడు. బాల్కనీలో ముద్ద పెడితే కాకి రాదు, గోరింకలు వచ్చేవి. "పర్లేదులే, అమ్మకి గోరింకలంటే ముద్దే" అని ఆయన సర్దుకునేవారు.

మా అత్తగారు తొమ్మిదేళ్ళు మాతోనే ఉంది. ఆవిడా నేనూ పోట్లాడుకోని రోజు లేదు, మాట్లాడుకోని పూటా లేదు. నేను హాల్లో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పుతూంటే, ఆవిడ పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటూ "ఆ ఏనుగుకి తొండం పొట్టయిందర్రా" అని తప్పులు పట్టేది. నిజంగానే పొట్టయి ఉండేది.

ఆ జులై మధ్యాహ్నం ఆవిడ నా చేతుల్లోనే పోయింది. మా ఆయన అప్పుడు దోహాకి గంట దూరంలోని రాస్ లఫాన్‌లో, గ్యాస్ ప్లాంటు షట్‌డౌన్ పనిలో ఉన్నారు. గేటు దగ్గర ఫోను లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. సాయంత్రం ఆరింటికి బయటికొచ్చి చూసుకుంటే మా అమ్మాయి ధాత్రి చేసిన మిస్డ్ కాల్స్ పద్నాలుగు. అక్కణ్ణుంచి కారులో ఎలా వచ్చారో ఆయనకే తెలియదు. స్పీడు ఎక్కువైందని రాడార్ కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు మర్నాడు ఫోనుకి మెసేజ్ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. దానికి ఫోన్ చేస్తే లోపల ఎక్కడున్నా మనిషిని పిలుస్తారు. నేను చెయ్యలేదు. చెయ్యకపోవడానికి కారణం ఉంది. అది మా అత్తగారు ఆఖరున నాతో అన్న మాట, కొడుకుకి చెప్పమన్న మాట. ఆయన ఏనాడూ అడగలేదు. నేను "ఆ రోజు మీ అమ్మగారు..." అని మొదలుపెడితే చాలు, "వద్దు వేదా" అని లేచి వెళ్ళిపోయేవారు. పది నెలలుగా ఆ మాట నా గొంతులోనే ఉంది. ఆయనకి చెప్పకముందు మీకు చెప్పడం మర్యాద కాదు కాబట్టి, మీరూ కాస్త ఓపిక పట్టాలి.

ఈద్ సెలవలకి ధాత్రి మాకిద్దరికీ సెర్బియా ట్రిప్ బుక్ చేసింది. తను దోహా పక్కనే అల్ రయ్యాన్‌లో ఒక స్కూల్లో టీచరు. పెళ్ళయి అక్కడే ఉంటుంది. "అమ్మా, అక్కడి మొనాస్టరీల్లో గోడల నిండా పాత బొమ్మలు ఉంటాయిట. నువ్వు చూడాలి" అంది. గోడల మీద బొమ్మలనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్నకి మాత్రం "మ్యూజియంలు, పాత ఊళ్ళు, ద్రాక్ష తోటలు" అని చెప్పింది. పిల్ల అబద్ధమేమీ చెప్పలేదు. ఒక ముక్క మింగిందంతే.

శనివారం పొద్దున్న బెల్‌గ్రేడ్‌లో మా హోటల్ ముందు వ్యాను ఆగింది. గైడ్ పేరు వెస్నా. నలభై ఏళ్ళుంటాయి. నవ్వు మొహం, మగరాయుడి నడక. ఆ రోజు వ్యానులో మేమిద్దరమే టూరిస్టులం. దోహా ఎండల్లోంచి వెళ్ళామేమో, ఆ చల్లగాలికీ, ఆ పచ్చటి పొలాలకీ మా ఆయన కిటికీ అద్దం దించి, చిన్నపిల్లాడిలా చెయ్యి బయటపెట్టి కూర్చున్నారు. వెస్నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ఇవాళ మనం వెళ్ళేది ఫ్రుష్కా గోరా కొండల్లోకి. మాకది పవిత్రమైన కొండ. ఆ కొండల మీద పదహారు మఠాలున్నాయి. అందులో మనం రెండు చూస్తాం. మధ్యలో కార్లోవ్‌ట్సీ అనే పాత ఊరు, అక్కడి వైన్..."

మా ఆయన చెయ్యి లోపలికి వచ్చేసింది.

"ఏమందిప్పుడు? కొండా?"

"చిన్న గుట్టేనండీ."

"పవిత్రమైన కొండ అంటోంది కదే. దాని మీద పదహారు గుళ్ళట!"

"గుళ్ళు కాదు, మఠాలు."

"మఠంలో దేవుడుంటాడా, ఉండడా?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఉంటాడనే చెప్పాలి కదా. ఆయన జేబులోంచి డైరీ తీశారు. సెర్బియాకి ఆ డైరీ తెచ్చుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. మూడో నంబరు రూల్ మీద వేలు పెట్టి చూపించారు. "ఇందులో ఏ దేవుడో రాయలేదు. కొండ మీద దేవుడు అని మాత్రమే ఉంది. కనక ఏ దేవుడైనా దేవుడే."

"అయితే వ్యాను దిగి నడిచి పొండి దోహాకి. కొండెక్కేశాం ఇప్పటికే" అన్నాను. నిజంగానే వ్యాను అప్పటికి మలుపులు తిరుగుతోంది. ఆయన కిటికీలోంచి కిందకి చూసి, ఇంకేం చెయ్యాలో తోచక, "వ్యాను ఎక్కింది, నేను ఎక్కలేదు" అన్నారు. ఇంజనీర్లతో వాదించి ఎవరు గెలిచారు!

మొదటి మఠం ముందు గులాబీ మొక్కలు, నున్నగా కోసిన గడ్డి, మధ్యలో ఎర్రటి చిన్న గుడి. వెస్నా తలుపు దగ్గర నిలబడి రమ్మంటోంది. మా ఆయన ప్రహరీ పక్కన బెంచీ చూసుకుని కూలబడ్డారు. "నేనిక్కడ కూర్చుంటాను. నువ్వు..." అని ఆగిపోయారు. వెళ్ళమంటే రూల్ తప్పుతుంది, వద్దంటే నా మొహం చూడలేరు. నేను విసవిసా నడిచి గడప దాకా వెళ్ళాను. అక్కడ కాలు ఆగిపోయింది. నాకూ భయమేనండీ. పోట్లాడటం వేరు, గడప దాటడం వేరు. తల లోపలికి చాచి చూస్తే చీకట్లో ఒక నీలం రంగు అంగీ అంచు, ఒక పాదం కనబడ్డాయి. ఐదు వేళ్ళూ ఎంత చక్కగా గీశాడో, ఏ మహానుభావుడో! ఆ పాదం ఎవరిదో తెలియకుండానే వెనక్కి వచ్చి బెంచీ మీద ఆ చివర కూర్చున్నాను.

"ఆరు గంటలు విమానంలో వచ్చి ఒక పాదం చూశాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. గడ్డి వైపు చూస్తూ, "ఇంక రెణ్ణెల్లే వేదా" అన్నారు.

"మీ అమ్మగారే ఉంటే, గోడ మీద బొమ్మలు చూడ్డానికి సూతకమేంటిరా అని మిమ్మల్ని తిట్టేది."

"ఉంటే కదా. అమ్మకి ఇంకేం చెయ్యగలను చెప్పు? ఆఖర్న నేను లేను. ఆ టైముకి నేను ఏదో వాల్వు ముందు నిలబడి రీడింగులు రాసుకుంటున్నాను. ఇదొక్కటైనా ఏ లోపం లేకుండా చెయ్యనీ" అన్నారు.

అదీ సంగతి. ఆయన పట్టుకున్నది శాస్త్రాన్ని కాదు, అమ్మని. ఆ మాటతో నా కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగం ఆ పాదం కోసం ఉంచుకున్నాను. "ఆ రోజు ఏం జరిగిందంటే..." అని నోరు తెరిచాను. ఆయన లేచి గులాబీలు చూడ్డానికి వెళ్ళిపోయారు. జీవితంలో పువ్వులు చూడని మనిషి!

కార్లోవ్‌ట్సీ ఊరు మాత్రం ముచ్చటగా ఉంది. పసుపు రంగు వేసిన పాత మేడలు, రాళ్ళు పరిచిన చౌకు, మధ్యలో నాలుగు సింహం తలల్లోంచి నీళ్ళు పడే ఫౌంటెన్. ఈ నీళ్ళు తాగినవాళ్ళు ఎప్పటికైనా ఈ ఊరొచ్చి పెళ్ళి చేసుకుంటారని ఇక్కడి నమ్మకమని వెస్నా చెప్పింది. మా ఆయన వెంటనే దోసిలి పట్టి గటగటా తాగేశారు.

"ఈ వయసులో మీకు మళ్ళీ పెళ్ళెందుకండీ?"

"నీతోనేలే. అప్పటి ఫొటోల్లో నువ్వు సరిగ్గా పడలేదు."

వెస్నా ఏమిటన్నట్టు చూస్తే తర్జుమా చేసి చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. తరవాత మమ్మల్ని ఒక పాత ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, వంగుని వెళ్ళే తలుపు తీసింది. లోపల మెట్లు, కింద నేలమాళిగ. మనిషి ఎత్తున చెక్క పీపాలు వరసగా ఉన్నాయి. గోడలు చెమ్మగా ఉన్నాయి. పుల్లటి వాసన. మా ఆయన నా కన్నా ముందే దిగిపోయారు.

"ఇక్కడికి రావచ్చేంటి?" అన్నాను.

"కొండెక్కకూడదన్నారు గానీ, నేలమాళిగలోకి దిగకూడదని అన్లేదు."

"మందు?"

ఆయన డైరీ తీసి చూసుకున్నారు. "ఇందులో లేదు."

ఆ ఇంటి పెద్దాయన చిన్న చిన్న గ్లాసుల్లో బెర్మెత్ అనే తియ్యటి వైన్ పోశాడు. ఇరవై రకాల మూలికలు వేస్తారట. ఏమేం వేస్తారో పెళ్ళాలకి కూడా చెప్పరట. నేనొక చుక్క నాలిక మీద వేసుకున్నాను. అచ్చం మా అత్తగారు బాలింతలకి చేసే కషాయంలో బెల్లం ఎక్కువైతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మాటంటే మా ఆయన కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగి, "అవును, దాల్చినచెక్క, లవంగం... అమ్మదే ఈ వాసన" అన్నారు. పది నెలల్లో మొదటిసారి అమ్మ అని నవ్వుతూ అన్నారు.

అదే అదనుగా వెస్నా మెల్లిగా అడిగింది. "ఒక్క మాట అడగనా? మీరు మా గుడి లోపలికి రాలేదు. మా మతమంటే మీకేమైనా ఇబ్బందా?"

మా ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. పాపం, అలా అనుకుంటారని ఆయనకి తట్టనే లేదు. గ్లాసు పీపా మీద పెట్టి, గబగబా చెప్పుకున్నారు. అమ్మ పోయిందనీ, ఏడాది దాకా మా గుళ్ళకి కూడా వెళ్ళమనీ.

వెస్నా ఆశ్చర్యపోయింది. "మా ఇంట్లో ఎవరైనా పోతే మేం ముందు పరిగెత్తేది గుడికే. నలభయ్యో రోజు, ఆరో నెల, ఏడాది, అన్నిటికీ గుడికే. మీ దేవుడు రావద్దంటాడా?"

"రావద్దనడు. సెలవిస్తాడు" అన్నారు మా ఆయన. "ఈ ఏడాది అమ్మది. పై ఏడాది నుంచి మళ్ళీ దేవుడిది."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు ఆయనంటే ఎంత ఇష్టం కలిగిందంటే, చేతిలో ఉన్న నా గ్లాసు కూడా ఆయనకే ఇచ్చేశాను. ఆయన వద్దనలేదు.

రెండో మఠం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. దాని పేరు వెస్నా మూడుసార్లు చెప్పినా నా నోరు తిరగలేదు. లిపా అనే చెట్లు పూతకొచ్చి ఆ ప్రాంగణమంతా తేనె వాసన. గుడి బయటే, ఒక పక్కగా, కొవ్వొత్తులు వెలిగించుకునే రేకుల గది ఉంది. అందులో రెండు అరలు. పై అర బతికున్నవాళ్ళకి, కింది అర పోయినవాళ్ళకి. అది గుడి బయట ఉంది కాబట్టి రూల్స్‌కి అడ్డురాదని మా ఆయన తేల్చుకున్నారు. కింది అరలో ఇసకలో ఒక కొవ్వొత్తి గుచ్చి, వెలిగించి, గాలికి ఆరిపోకుండా చేతులు అడ్డుపెట్టి అక్కడే నిలబడ్డారు.

అప్పుడే గుడిలోంచి ఓ పదిమంది బయటికొచ్చారు. ఆడవాళ్ళు నల్లబట్టల్లో ఉన్నారు. వాళ్ళ వెనక ఒక ముసలి సన్యాసిని పళ్ళెం పట్టుకుని, కనబడ్డవాళ్ళందరికీ చెంచాతో ఏదో పెడుతోంది. ఉడకబెట్టి దంచిన గోధుమలు, పంచదార, పైన అక్రోట్ల పొడి. మా ఆయన దగ్గరికి రాగానే ఆయన చిన్నప్పట్నుంచీ అలవాటైన పని చేశారు. కుడి చెయ్యి కింద ఎడమ చెయ్యి పెట్టి అందుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ప్రసాదం కనబడితే మనవాళ్ళ చెయ్యి ఆగుతుందా! "బావుందే, మన చలిమిడి లాగుంది" అని మళ్ళీ చెయ్యి చాచారు. ముసలావిడ సంతోషంగా ఇంకో చెంచా పెట్టింది.

వెస్నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఇది వాళ్ళమ్మ కోసం. ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. పోయినవాళ్ళ పేరు తలుచుకుని ఇది పంచుతారు. తిన్నవాళ్ళు ఆవిడని తలుచుకోవాలి."

ఏటి సూతకంలో ఉన్న మనిషి పరాన్నమే ముట్టకూడదు. హోటల్ తిండి ప్రయాణంలో తప్పదని సరిపెట్టుకున్నాం. ఇదేమో ఏకంగా ఎవరిదో సంవత్సరీకం నాటి అన్నం! అందులోనూ రెండోసారి అడిగి మరీ తిన్నారు. ఇక డైరీ తీసి, ప్రాయశ్చిత్తం కోసం రాజమండ్రికి ఫోన్ కలుపుతారని ఆయన వైపు చూశాను.

ఆయన నోట్లోది నెమ్మదిగా నమిలి మింగారు. "ఆవిడ పేరేమిటో అడుగు" అన్నారు వెస్నాతో.

"రదోయ్‌కా" అంది నల్లబట్టల్లో ఉన్న ఒకావిడ. కూతురనుకుంటాను. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

మా ఆయన ఆవిడకి రెండు చేతులూ జోడించి, తెలుగులోనే, "రదోయ్‌కమ్మ గారి పేరున తృప్తిగా తిన్నానమ్మా" అన్నారు. వెస్నాకి తెలియని భాష, ఆ కూతురికి అసలే తెలియదు. అయినా ఆవిడ మా ఆయన చేతులు రెండూ పట్టుకుని తల ఊపింది. ఏం అర్థమైందో ఏమో.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన చెట్టు కింద అరుగు మీద కూర్చున్నారు. "పది నెలల నుంచి అమ్మ పేరున కూర్చుని తినే మనిషి కోసం దోహా అంతా వెతుక్కున్నాను. ఇవాళ ఇంకెవరి అమ్మకో నేనే భోక్తనయ్యాను. చిత్రంగా లేదూ?" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. ఆ తరవాత గుడి వైపు చెయ్యి చూపించి, "నువ్వు లోపలికి వెళ్ళి చూసి రా" అన్నారు.

"నాకూ సూతకమే కదండీ."

"ఈ సూతకం నాది. అమ్మకి చేయాల్సిందంతా నువ్వు ఆవిడ ఉండగానే చేశావు. తొమ్మిదేళ్ళు. నీకు ఈ పట్టింపు అక్కర్లేదు. వెళ్ళు. తప్పేమైనా ఉంటే అది నా లెక్కలో రాయమను."

ఆయన మనసు మారకముందే చెప్పులు విప్పబోయాను. చెప్పులు విప్పక్కర్లేదని వెస్నా చెప్పినా విప్పే వెళ్ళాను.

లోపల గోడలు కనబడవు, అన్నీ బొమ్మలే. కింది నుంచి గోపురం దాకా ఒక్క జానెడు జాగా వదల్లేదు. నీలాలు, ఇటిక రంగులు, మసిబారిన బంగారం. పెద్ద పెద్ద కళ్ళతో అందరూ నన్నే చూస్తున్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా" అన్నట్టున్నారు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఫొటోలు తీయకూడదట. అయినా ఫొటోలో ఏముంటుంది! బయటికొద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడు కనబడింది, తలుపుకి పైన, లోపలి వైపు గోడ మీద.

మంచం మీద ఒక తల్లి పడుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. ఆఖరి పడక అని చూడగానే తెలుస్తోంది. చుట్టూ గడ్డాల పెద్దమనుషులు వంగి ఏడుస్తున్నారు. మంచం వెనక నిటారుగా ఒకాయన నిలబడ్డాడు. ఆయన చేతుల్లో తెల్లటి పొత్తిగుడ్డల్లో చుట్టిన చిన్న పాప.

"మరియమాత మరణం" అంది వెస్నా. "నిలబడ్డది ఆమె కొడుకు, యేసు. ఆ పాప ఎవరో తెలుసా?" అని అడిగి, తనే చెప్పింది. విని నేను అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. ఆ మధ్యాహ్నం మా హాల్లో, సోఫా పక్కన, నా ఒళ్ళో తేలిగ్గా ఒదిగిపోయిన ముసలావిడ గుర్తొచ్చి గట్టిగానే ఏడ్చాను. గుళ్ళో ఏడవడానికి సిగ్గెందుకు?

బయటికొస్తే ఆయన "ఎలా ఉన్నాయి?" అన్నారు. "బావున్నాయి" అన్నాను. తిరుగు ప్రయాణంలో బెర్మెత్ ప్రభావంతో ఆయన వ్యానులో గుర్రుపెట్టి నిద్రపోయారు. నేను టూరు కాయితం వెనక్కి తిప్పి, బాల్ పెన్నుతో, కుదుపుల మధ్యే గీశాను. మంచం, తల్లి, వెనక కొడుకు, చేతుల్లో పాప. గీసి మడిచి హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టుల పక్కన పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి దోహా చేరాం. తలుపు తియ్యగానే ఏసీ వెయ్యడం, కుక్కర్ పెట్టడం నా పని. పాస్‌పోర్టులు తీసి ఫైల్లో పెట్టడం ఆయన డ్యూటీ. నేను చారుకి పోపు వేస్తూంటే హాల్లోంచి వినబడింది.

"వేదా, ఇదేంటి? నువ్వు గీశావా?"

స్టవ్ ఆపేసి వచ్చాను. కాయితం డైనింగ్ టేబుల్ మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని చూస్తున్నారు. "గుడిలోదండీ. ఆ పడుకున్నావిడ తల్లి. ఆ నిలబడ్డది కొడుకు" అన్నాను.

"మరి కొడుకు ఎత్తుకున్న ఈ పాప ఎవరు?"

"వాళ్ళమ్మే."

ఆయన తలెత్తారు.

"వాళ్ళమ్మ ప్రాణమటండీ. పుట్టినప్పుడు ఆవిడ కొడుకుని ఎలా ఎత్తుకుందో, పోయేటప్పుడు కొడుకు ఆవిణ్ణి అలా ఎత్తుకున్నాడట."

ఆయన మళ్ళీ కాయితం వైపు వంగారు. చాలాసేపు చూశారు. బాల్కనీలో గోరింకలు మా గింజల గిన్నె ఖాళీగా ఉందని గోల చేస్తున్నాయి. ఆయన పాప మీద వేలు పెట్టి, తలెత్తకుండానే, "ఆ రోజు... అమ్మ నీ ఒళ్ళో ఎలా ఉంది?" అని అడిగారు.

పది నెలల తరవాత అడిగారు.

"ఇలాగే ఉంది. ఇంతే బరువుంది. నొప్పి కూడా ఎక్కువ లేదు. నేను అంబులెన్స్‌కి చేసి, మీ ఆఫీసు నంబరుకి చెయ్యబోయాను. నంబరు ఫ్రిజ్ మీద ఉంది కదా. ఆవిడ నా కొంగు పట్టుకుని ఆపేసింది. నన్ను తిట్టండి, కొట్టండి, నేను ఆవిడ మాటే విన్నాను."

"ఏమంది?"

"'వాడికి ఇప్పుడు చెప్పకే. కంగారుపడి కారు జోరుగా తోలుకొస్తాడు, ఆ రోడ్డు మంచిది కాదు. డ్యూటీ అయ్యాక నెమ్మదిగా రానీ. వచ్చాక ముందు అన్నం పెట్టు. తిన్నాక చెప్పు' అంది."

రాడార్ ఫ్లాష్ సంగతి మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చి ఉంటుంది. ఆయన నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో నేను చూడలేదు, నా కళ్ళే ఆనలేదు. ఆ రోజు ఆయనకి అన్నం పెట్టలేదు. అంబులెన్సూ, కాయితాలూ, ఏడుపుల మధ్య ఎవరికీ ఆ ధ్యాసే లేదు. ఆ మాట సగమే నిలబెట్టాను, సగం పోగొట్టాను.

ఆయన కాయితం మడవకుండా పక్కకి జరిపి, గోడకి ఆనించి పెట్టారు. కుర్చీ లాక్కుని టేబుల్ ముందు సరిగ్గా కూర్చున్నారు.

"పెట్టు" అన్నారు. "తిన్నాక మొదట్నుంచీ చెప్పు."